మేజర్ పద్మపాణి ఆచార్య ఉత్తరాన్ని మన బడుల్లో చదివించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్ శివార్లలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. ఈ ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. మా టీచర్ల నుంచి మీకు వచ్చే అర్జీలు బదిలీల గురించో, పదోన్నతుల గురించో, డీఏ బకాయిల గురించో ఉంటాయి. ఇది వాటి గురించి కాదు. ఒక చిన్న సర్క్యులర్ కోసం, ఒక పాఠం కోసం అడుగుతున్నాను. 1999 జూన్ 28 రాత్రి ద్రాస్ కొండల్లో ప్రాణాలిచ్చిన మేజర్ పద్మపాణి ఆచార్య కోసం అడుగుతున్నాను.

ముందు మా బడిలో జరిగింది చెప్పనివ్వండి.

పోయిన ఏడాది జులై 26న కార్గిల్ విజయ్ దివస్ చేశాం. ఫ్లెక్సీ కొట్టించాం. దాని మీద నలుగురు వీరుల ఫొటోలు, కింద పేర్లు. పిల్లల్ని తొమ్మిదింటికే ఎండలో వరసగా నిలబెట్టాం. ముఖ్య అతిథి వచ్చేసరికి పదిన్నర అయింది. ఉపన్యాసాలు, జైహింద్ నినాదాలు, చివర్లో తలా ఒక లడ్డూ. అంతా అయ్యాక ఫ్లెక్సీ దగ్గర నిలబడి ఫోన్‌లో ఏదో చూస్తున్న మా సోషల్ టీచర్ నన్ను పిలిచారు. పద్మపాణి ఆచార్య అనే పేరు మీద ఉన్నది వేరే ఎవరిదో ఫొటో. ఎవరో తెచ్చిన బొమ్మని షాపువాళ్లు అలాగే వేసేశారు, మేమెవరమూ సరిచూడలేదు. ఆ ఫ్లెక్సీ ముందు రెండు గంటలు పూలు చల్లి చప్పట్లు కొట్టాం.

అప్పటికే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి నా వెనకే నిలబడి ఉంది. "సార్, ఈయన మన హైదరాబాదే అన్నరు కదా, ఎట్ల చనిపోయిండు?" అని అడిగింది. కార్గిల్ యుద్ధంలో అన్నాను. "అది తెలుసు సార్. ఎట్ల?" అంది మళ్లీ.

నా దగ్గర జవాబు లేదు. ఆయన గురించి మా స్టాఫ్ రూమ్‌లో అందరికీ కలిపి తెలిసింది ఒక్కటే, ఒక హిందీ సినిమాలో నాగార్జున గారు ఆయన పాత్ర వేశారని. ఆ రోజు నాకు నిజంగా సిగ్గేసింది. ఇంటికి వెళ్లి ఆయనకిచ్చిన మహావీర చక్ర సైటేషన్, అంటే ఆ పతకం ఎందుకిచ్చారో చెప్పే అధికారిక పత్రం, వెతికి చదివాను. తర్వాత చాలా రోజులు అదే పని పెట్టుకున్నాను. ఆ అమ్మాయికి ఆలస్యంగానైనా చెప్పిన జవాబే మీకూ రాస్తున్నాను.

ఆచార్య కుటుంబం మూలాలు ఒడిశావి. స్థిరపడింది హైదరాబాద్‌లో. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా పనిచేసి రిటైరయ్యారు. కొడుకు ఉస్మానియాలో డిగ్రీ చదివి, మద్రాసు ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి వెళ్లి, 1994లో రాజపుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్‌లో ఆఫీసరయ్యాడు. 1999 వేసవిలో శత్రు సైనికులు సరిహద్దు దాటి వచ్చి ద్రాస్, కార్గిల్, బటాలిక్ శిఖరాల మీద తిష్ఠ వేశారు. వాళ్ల కళ్లకు శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే రోడ్డు అరచేతిలో గీతలా కనిపించేది. ఆ రోడ్డు మీద లారీ కదిలితే ఫిరంగి గుండు పడేది. ఆ శిఖరాల్ని ఒక్కొక్కటిగా కింద నుంచి పైకి ఎక్కుతూ గెలుచుకోవాల్సి వచ్చింది. సుమారు పదిహేను వేల అడుగుల ఎత్తు, చెట్టూ పుట్టా లేని రాయి, ఊపిరి అందని గాలి. జూన్ 13న తోలోలింగ్ మన చేతికి వచ్చింది. అది గెలిచినవాళ్లు ఈ బెటాలియనే. అక్కడ మేజర్ వివేక్ గుప్తా నేలకొరిగాడు.

తోలోలింగ్ తర్వాత వరసలో ఉన్నవి నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అనే గుట్టలు. ఇవి దక్కితే టైగర్ హిల్ వైపు దారి సుళువవుతుంది. నోల్ మీదికి వెళ్లిన కంపెనీకి, అంటే బెటాలియన్‌లో ఒక దళానికి, కమాండర్ మేజర్ ఆచార్య.

ఆ రాత్రి ఏ రాత్రో తెలిశాక నేను కాసేపు పుస్తకం మూసేశాను. అది జ్యేష్ఠ పౌర్ణమి, మన ఏరువాక పున్నమి. ఇక్కడ మన రైతులు ఎడ్లకు పసుపూ కుంకుమా పెట్టి, నాగలికి దండం పెట్టుకుని, తొలి సాలు దున్ని ఇళ్లకు చేరిన రాత్రి. అదే వెన్నెల అక్కడ ప్రాణగండం. కొండ మీద బంకర్‌లో కూర్చున్నవాడికి కింద నుంచి ఎక్కి వచ్చే ప్రతి మనిషీ కనిపిస్తాడు.

సైటేషన్ చెప్పేది ఇదీ. దారి పొడవునా మందుపాతరలు. ఎదురుగా మెషిన్ గన్లు. దాడి మొదలవుతూనే శత్రువు ఫిరంగి గుండ్లు నేరుగా ముందు నడుస్తున్న ప్లాటూన్ (కంపెనీలోని చిన్న దళం) మీద పడ్డాయి. ఎంతోమంది పడిపోయారు. దాడి అక్కడే ఆగిపోయేలా ఉంది. ఆచార్య వెనక అట్టిపెట్టిన ప్లాటూన్‌ను తీసుకుని, గుండ్ల వాన మధ్యలోంచి, నిట్టనిలువు రాతి మీదుగా పైకి నడిపించాడు. పక్కన మనుషులు కూలిపోతున్నా మిగిలినవాళ్లను హుషారు చేస్తూనే ఉన్నాడు. బంకర్ దాకా పాకుతూ వెళ్లి గ్రెనేడ్లు విసిరాడు. ఒంట్లోకి తూటాలు దిగాయి. ఇక కదల్లేకపోయాడు. తనను అక్కడే వదిలేసి పైకి వెళ్లమని జవాన్లకు ఆర్డరిచ్చాడు. వాళ్లు వెళ్తుంటే తాను పడున్న చోటి నుంచే కాలుస్తూ ఉన్నాడు. నోల్ చిక్కింది. ఆ పని పూర్తయ్యాకే ఆయన ప్రాణం పోయింది.

ముప్పై దాటీ దాటని వయసు. పుట్టినరోజు జూన్ 21. అది అయిన వారానికే ఇది.

అదే రాత్రి అదే బెటాలియన్ నుంచి ఇంకో ఇద్దరు యువ ఆఫీసర్లు పోయారు. కెప్టెన్ విజయంత్ థాపర్‌కు 22 ఏళ్లు. సైన్యంలో చేరి ఆరు నెలలే. తన ఆఖరి ఉత్తరంలో ఒక అనాథాశ్రమానికి కొంత డబ్బు ఇమ్మని, కుప్వారాలో తనకు పరిచయమైన రుఖ్సానా అనే చిన్నపిల్లకు నెలనెలా యాభై రూపాయలు ఇస్తూ ఉండమని అమ్మానాన్నలను కోరాడు. నాగాలాండ్ నుంచి వచ్చిన కెప్టెన్ కెంగురుసేకి పాతికేళ్లు నిండలేదు. నున్నటి రాయి మీద బూట్లు జారుతుంటే, గడ్డకట్టే ఆ చలిలో బూట్లు విప్పేసి ఒట్టి కాళ్లతో ఎక్కాడు. ఆచార్యకూ కెంగురుసేకూ మహావీర చక్ర, థాపర్‌కు వీర చక్ర.

ఇక ఉత్తరం సంగతి. చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందు, జూన్ 19న, ఆచార్య తన తండ్రికి ఒక ఉత్తరం రాశాడు. ఇంగ్లిష్‌లో ఉంది, చాలాచోట్ల అచ్చయింది. పెద్ద ఉత్తరమేమీ కాదు. ప్రాణనష్టం గురించి బెంగ పెట్టుకోవద్దన్నాడు. అది తమ పనిలో ఉన్న ప్రొఫెషనల్ హజార్డ్ అన్నాడు, మన చేతుల్లో లేనిదన్నాడు, కనీసం మంచి పని కోసమే కదా అన్నాడు. యుద్ధంలో నిలబడటం జన్మకొక్కసారి దొరికే గౌరవమని అమ్మకు చెప్పమన్నాడు. చివర్లో ఒక కోరిక కోరాడు. అప్పటికి ఆయన భార్య గర్భవతి. ఆమెకు రోజుకో మహాభారత కథ చెప్పండి, మీ మనవడికో మనవరాలికో మంచి గుణాలు అబ్బుతాయి అని రాశాడు.

కూతురు పుట్టింది. తండ్రి పోయిన కొన్ని నెలలకు. ఆ అమ్మాయి పెద్దదై తండ్రి గురించి పుస్తకం కూడా తెచ్చింది.

ఈ ఉత్తరాన్నీ, సైటేషన్‌నూ నాకు చేతనైన తెలుగులో రాసుకుని ఆగస్టులో ఒకరోజు తొమ్మిదో తరగతికి తీసుకెళ్లాను. పరీక్షకు రాని పాఠం కాబట్టి పిల్లలు వింటారో లేదో అనుకున్నాను. ఆ ప్రొఫెషనల్ హజార్డ్ అన్న మాట దగ్గరే ఆగిపోయాం. "వృత్తిపరమైన ప్రమాదం" అని రాసుకెళ్లాను నేను. బోర్డు మీద రాస్తే ఎవరి మొహంలోనూ ఏమీ పలకలేదు. వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడు ఒకడున్నాడు, వాళ్ల నాన్న తాటిచెట్లు గీస్తాడు. వాడు లేచి, "మా నాయన తాడెక్కినప్పుడు మోకు తెగితే పడ్తడు కదా సార్, అట్లనా?" అన్నాడు. అంతేరా అన్నాను. "మా నాయిన దాన్ని గండం అంటడు సార్. గండం ఉందని ఎక్కకుండ ఉంటమా అంటడు."

నేను రాసింది తుడిచేసి బోర్డు మీద "గండం" అని రాశాను. మేజర్ ఆచార్య ఉత్తరానికి ఇప్పుడు మా బడిలో ఉన్న తెలుగులో ఆ మాటే ఉంది.

కెంగురుసే బూట్లు విప్పిన సంగతి చెప్పినప్పుడు క్లాసులో చాలామంది అయ్యో అన్నారు. ఆ పిల్లవాడు మాత్రం అనలేదు. చెట్టెక్కేటప్పుడు మా నాయన కూడా చెప్పులు విప్పుతడు సార్, కాలికి పట్టు దొరుకుతది అన్నాడు. నాగాలాండ్ ఎక్కడుందో వాడికి ఆ రోజు దాకా తెలియదు. తర్వాత వాడే వెళ్లి గోడ మీది మ్యాప్‌లో వెతికి పట్టుకున్నాడు.

మహాభారత కథల దగ్గరికి వచ్చేసరికి, నన్ను మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి "ఏ కథ చెప్పిండ్రు సార్ వాళ్లు?" అంది. నాకు తెలియదమ్మా అన్నాను. "అభిమన్యుడి కథ మాత్రం చెప్పి ఉండరు" అంది. ఎందుకన్నాను. "ఏడుపొస్తది కదా సార్ ఆమెకు. ఆయన లోపలికి పోయిండు గానీ బయటికి రాలేదు కదా." తిక్కన ద్రోణపర్వం ఎన్నోసార్లు చదివినవాణ్ని, ఆ పిల్లకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

మంత్రి గారూ, మేం చేసిన ఫ్లెక్సీ సభకూ, ఆ నలభై నిమిషాల పీరియడ్‌కూ తేడా నేను కళ్లారా చూశాను. అందుకే ఈ లేఖ.

నా విన్నపం ఇది. ప్రతి ఏటా జూన్ 28న, ఆదివారం వస్తే ముందు రోజు, రాష్ట్రంలోని ఉన్నత పాఠశాలలన్నిటిలో ఉదయం ప్రార్థన సమయంలో మేజర్ పద్మపాణి ఆచార్య ఉత్తరాన్నీ, ఆయన సైటేషన్‌నూ తెలుగులో ఒక విద్యార్థి చేత చదివించాలి. ఉర్దూ మీడియం బడుల్లో ఉర్దూలో. పది నిమిషాలు చాలు. ఉపన్యాసం వద్దు, ముఖ్య అతిథి వద్దు, ఫ్లెక్సీ వద్దు. కుటుంబాన్ని గౌరవంగా అడిగి, వారి అనుమతితో, మంచి అనువాదం మన పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ తయారు చేయించాలి. దాన్ని అకడమిక్ క్యాలెండర్‌లో చేర్చాలి. బడులు జూన్ 12న తెరుచుకుంటాయి. పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట హడావుడి సద్దుమణిగి, పిల్లలు తరగతుల్లో కుదురుకునే వేళకు జూన్ 28 వస్తుంది. మంచి సమయం అది.

ఆ రోజు పీవీ నరసింహారావు గారి జయంతి కూడా అని నాకు తెలుసు. ప్రభుత్వం అధికారికంగా జరుపుతుంది, మీరూ ఉదయాన్నే నెక్లెస్ రోడ్డులో ఆయన స్మారకం జ్ఞానభూమికి వెళ్లి నివాళి అర్పిస్తారు. రెండూ ఒకే రోజు ఎలా అని అధికారులు అనొచ్చు. పీవీ గారి గురించి రెండు మాటలు చెప్పుకున్న ప్రార్థన సభలోనే ఈ ఉత్తరం చదవొచ్చు. ఎన్నో భాషలు నేర్చిన ఆ పెద్దాయన జయంతి నాడు ఇంగ్లిష్‌లో ఉన్న ఒక మంచి ఉత్తరం పిల్లలకు వాళ్ల భాషలో అందితే, అది ఆయనకూ నచ్చే పనే అనుకుంటాను.

మరి జులై 26 ఉంది కదా అంటారు. ఉంది, ఉండాలి కూడా. ఆ రోజు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని వీరుల సైనిక స్మారకం దగ్గర సైనికాధికారులు పుష్పగుచ్ఛాలు ఉంచుతారు, అది వాళ్ల మర్యాద, గొప్ప మర్యాద. కానీ అది విజయం పేరు మీద వచ్చే రోజు. ఒక మనిషి పేరు మీద రోజు వస్తేనే పిల్లలు "ఎట్ల" అని అడుగుతారు. కేంద్రం 2021 నుంచి వీర్ గాథ అని ఒక కార్యక్రమం నడుపుతోంది, శౌర్య పురస్కారాలు పొందినవారి మీద పిల్లలు వ్యాసాలు, కవితలు రాసి పంపాలి. ఉద్దేశం మంచిదే. కానీ గడువు దగ్గరపడేసరికి పిల్లలు ఫోన్‌లో దొరికింది ఎక్కించి పంపేస్తారు, మేమూ అప్‌లోడ్ చేసేస్తాం. చదవడానికి వాళ్ల భాషలో చేతికి ఏమీ ఇవ్వకుండా రాయమంటే పిల్లల తప్పేముంది?

రెండోది పాఠం. ఎనిమిదో తరగతికో తొమ్మిదో తరగతికో తెలుగు ఉపవాచకంలో ఆ ఒక్క రాత్రి మీద పాఠం పెట్టించండి. వీరుల జాబితా వద్దు. ఇరవై మంది పేర్లు, పుట్టిన తేదీలు, పతకాలు పెడితే అది ఒక మార్కు ప్రశ్నగా మిగిలిపోతుంది. ఒక్క రాత్రి, ఒక్క కొండ, ముగ్గురు మనుషులు చాలు. ఒక ఒడియా ఇంటి హైదరాబాదీ, కోహిమా కొండల నాగా యువకుడు, ఇంకా మీసాలు సరిగా రాని థాపర్ ఒకే బెటాలియన్‌లో ఎలా కలిశారో, "రాజా రామచంద్ర కీ జై" అనే ఆ రెజిమెంట్ రణనినాదం కింద ముగ్గురూ ఎలా కదిలారో చెప్పండి. ఆయన తెలుగువాడు కాడు కదా అని ఒక మిత్రుడు నాతో అన్నాడు. ఈ ఊళ్లో బతికాడు, ఉస్మానియాలో చదివాడు. ఇంకేం కావాలి? హైదరాబాద్‌లో ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష మాట్లాడేవాళ్లు ఎంతమంది లేరు? మా క్లాసులోనే బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలున్నారు. ఆచార్య కుటుంబానిది ఒడిశా అని చెప్పగానే ఒక పిల్లవాడు తలెత్తి చూసిన చూపు నాకు గుర్తుంది.

పాఠంలో జవాన్లు ఉండాలి. ఇది నేను గట్టిగా అడుగుతున్నాను. సైటేషన్‌లో ముందు నడిచిన ప్లాటూన్‌లో చాలామంది పడిపోయారని ఉంటుంది, పేర్లు ఉండవు. ఆచార్య ఆర్డరు విని ఆయన్ను వదిలి ముందుకెళ్లినవాళ్లు ఎవరో అందులో ఉండదు. తమ ఆఫీసర్‌ను అలా వదిలి వెళ్లడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. అమరుల పేర్లు ద్రాస్‌లో తోలోలింగ్ కింద కట్టిన స్మారకంలో ఉన్నాయి, 2019లో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో గ్రానైట్ పలకల మీదా ఉన్నాయి. సైన్యాన్ని అడిగితే ఇస్తుంది. ఆ రాత్రి ఆ గుట్ట మీద పోయిన ప్రతి జవాను పేరూ పాఠం చివర అచ్చు వేయించండి.

ఇంకొక్క మాట. పాఠంలో పగ వద్దు. టైగర్ హిల్ మీద ధైర్యంగా పోరాడి చనిపోయిన పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అన్నది అతని పేరే, హోదా కాదు) భౌతికకాయాన్ని అప్పగించేటప్పుడు, ఇతను బాగా పోరాడాడు అని మన బ్రిగేడియరే చీటీ రాసి జేబులో పెట్టించారు. తర్వాత వాళ్ల దేశం అతనికి అత్యున్నత పతకం ఇచ్చింది. ఎదురుగా నిలబడి తూటాలు తిన్న సైన్యం అంత పెద్దమనసుతో ఉంటే, పిల్లల పుస్తకంలో మనం ద్వేషం నింపడం సరికాదు.

ఈ లేఖతోపాటు మా పిల్లలూ నేనూ కలిసి చేసిన ఆ ఉత్తరం తెలుగు ప్రతి మీ కార్యాలయానికి పంపిస్తున్నాను. ఎస్‌సీఈఆర్‌టీలో ఉన్న పెద్దలు దాన్ని ఎంతైనా సరిదిద్దవచ్చు. "గండం" అన్న మాట మాత్రం ఉంచమని మా తరగతి తరఫున మనవి.

మీ సర్క్యులర్ వచ్చినా రాకపోయినా ఈ జూన్‌లో మా బడిలో చదువుతున్నాం. హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి, ఉత్తరం ఆమె చదువుతుంది. సైటేషన్ ఆ వెనక బెంచీ పిల్లవాడు చదువుతాడు. "మహావీర చక్ర" దగ్గర వాడి నాలుక ఇంకా తడబడుతోంది, రోజూ సాయంత్రం బెల్లు కొట్టాక స్టాఫ్ రూమ్ బయట నిలబడి చదివి వినిపించి వెళ్తున్నాడు. వాళ్ల నాన్న ఆ రోజు పొద్దున చెట్లు తొందరగా దిగి వస్తానన్నాడట.

భవదీయుడు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు
హైదరాబాద్